ముసలివాళ్ల గేరు

కార్టర్స్ గ్యాప్, కెంటకీ
ఏప్రిల్ 8, 1980

అక్కా,

ఫోన్ చెయ్యొచ్చు. కానీ ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను రిసీవర్ చెవికి దూరంగా పట్టుకుంటాను, సగం మాటలు మా అత్తగారి వంటింటి గోడకి పోతాయి. కాగితం మీద ఎంత అరిచినా చప్పుడు రాదు. అందుకని ఉత్తరం.

చార్లీన్‌కి ఇక్కడ వాళ్లమ్మ ఇంటికి వచ్చినప్పటి నుంచీ శనివారం శనివారం మందు ఎక్కిస్తున్నారు. ఆసుపత్రి ఇక్కడికి ఇరవై రెండు మైళ్లు, అంతా కొండదారి. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది, నా డ్రైవింగ్ మీద జోకులు కూడా వేస్తుంది. తిరిగొచ్చేటప్పుడే కష్టం. తల కిటికీ అద్దానికి ఆనించి కళ్లు మూసుకుంటుంది. నిద్ర మాత్రం పట్టదు. పట్టనివ్వనిది జబ్బు కాదు, నా కారు.

మన గేర్ల ఫ్యాక్టరీలో సమ్మె మొదలైన నెలలోనే పికప్ అమ్మేశాను కదా, మిగిలింది రెండు తలుపుల కూపే కారు ఒక్కటే. దాన్ని ఎవరూ కొనరు. పెట్రోలు ధర చూసి, వెనక ఇరుసులో ఏ గేరు ఉందని అడిగి, నాలుగు పది అని చెప్పగానే నవ్వి వెళ్లిపోతున్నారు. చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్టు నాలుగుసార్లకు పైగా తిరగాలి. వాటర్ స్ట్రీట్‌లో శుక్రవారం సాయంత్రం పందేల్లో పచ్చదీపం పడగానే దూకడానికి అంతకు మించిన గేరు లేదు. పదేళ్లలో మొదటి సిగ్నల్ నుంచి రెండో సిగ్నల్ దాకా నన్ను దాటినవాళ్లు ఇద్దరే ఇద్దరు, నీకూ తెలుసు. కానీ అరవై అయిదు మైళ్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి మూడువేల నాలుగు వందల చుట్ల దగ్గర కేకలు పెడుతూనే ఉంటుంది. లోపల మాట వినపడదు.

గేరు మార్చాలి. రెండు డెబ్భై ఆరు వేద్దామనుకుంటున్నాను. ఇంజిన్ నిదానంగా తిరుగుతుంది, చప్పుడు పోతుంది. నీ షెడ్డులో జతలు కొన్ని ఉన్నాయిగా, వాటిలో ఉందేమో చూడు.

గేటు ముందు పికెట్‌లో నిలబడ్డవాళ్లందర్నీ అడిగానని చెప్పు.

ఎల్డన్


హార్లన్ ఫెర్రీ, ఒహాయో
ఏప్రిల్ 13, 1980. సమ్మె 91వ రోజు

ఒరేయ్ తమ్ముడూ,

అరవను. కానీ చెప్పాల్సింది చెబుతాను. నువ్వు అడిగింది గేరు గురించి, నేను ఇరవై ఆరేళ్లు గేర్ల చప్పుడు విని బతికినదాన్ని.

ఈ దేశంలో ప్రతి మగాడూ తను నడిపే దారికి గేరు కొనడు. తను నడుపుతున్నానని ఊహించుకునే దారికి కొంటాడు. నువ్వు పావు మైలు కోసం కొన్నావు. ఆ పావు మైలు తర్వాత మిగిలిన ప్రతి మైలూ ఆ ఇంజిన్‌ని ఏడిపించావు, పక్కన కూర్చున్న మనిషినీ ఏడిపించావు. ఇప్పుడు బుద్ధి వచ్చి రెండో కొసకి పరిగెడుతున్నావు. ఇదీ అదే జబ్బు. నీ ఇంజిన్లో ఉన్న క్యామ్‌షాఫ్టు పందెం క్యామ్, వేగంగా తిరిగితేనే దానికి బలం. రెండువేల రెండు వందల చుట్ల కింద అది పడుకుంటుంది. రెండు డెబ్భై ఆరు వేసి కొండెక్కితే మూలుగుతుంది, కుదుపుతుంది. మందు ఎక్కించుకుని వచ్చే మనిషికి కుదుపు మంచిదా?

డెబ్భై ఒకటిలో నీకో జత చేసిపెట్టాను, గుర్తుందా? మూడు యాభై అయిదు. పెద్ద చక్రం క్రౌన్‌కి ముప్ఫై తొమ్మిది పళ్లు, చిన్నది పినియన్‌కి పదకొండు. జతల చప్పుడు పరీక్షించే వినే గదిలో నా చేత్తో రుబ్బించి, నా చెవితో విని, నా అంకె వేసిన జత. అంచు మీద గీత పడిందని కంపెనీ చవగ్గా అమ్మితే కొన్నాను. నువ్వు పెట్టె తెరిచి, "ఇది ముసలివాళ్ల గేరక్కా, చర్చికి వెళ్లడానికి బాగుంటుంది" అని వెనక్కిచ్చావు. తొమ్మిదేళ్లుగా నూనె కాగితంలో పడుకుని ఉంది. నీకు కావాల్సింది అదే అనుకుంటున్నాను. అయినా ఊహ మీద గేరు పంపడం నా పద్ధతి కాదు. టైరు ఎత్తెంత, ఎంత దూరం, ఏ వేగంలో, వారానికి ఎన్నిసార్లు, ఎత్తులెన్ని, చదునెంత, అన్నీ నిజంగా రాయి. నాతో అబద్ధమాడితే నేను నమ్ముతానేమో. గేరు నమ్మదు.

ఇక్కడ చర్చి నేలమాళిగలో రోజూ బీన్స్ సూపే. మూడు వందల నలభై మందిలో సమ్మె వదిలేసి పనికి లోపలికి వెళ్లినవాళ్లు నలుగురు. ఆ నలుగురి పేర్లూ నేను రాసే యూనియన్ బులెటిన్లో మొదటి పేజీలో ఉన్నాయి. మార్చి మొదట్లో ఒక ఆదివారం తెల్లారుజామున అద్దె డ్రైవర్లను పెట్టి రెండు లారీల సరుకు బయటికి తరలించారు. దక్షిణాదిలో యూనియన్ లేని కొత్త షెడ్డు తెరిచారట, అక్కడికి. సమ్మె ముప్ఫయ్యో రోజున ఆరోగ్య బీమా ఆపేసినవాళ్లు లారీలకి మాత్రం ఎంతైనా పోస్తారు.

చార్లీన్‌కి ముద్దులు. ఆమె భర్తకి మొట్టికాయ.

వెర్నా


కార్టర్స్ గ్యాప్
ఏప్రిల్ 24

అక్కా,

నువ్వు అడిగినవి రాస్తున్నాను. వెనక టైరు నేల నుంచి ఇరవై ఆరు అంగుళాలు, నేనూ చార్లీన్ కూర్చున్నాక కొలిచాను. దూరం ఒకవైపు డెబ్భై ఎనిమిది మైళ్లు. నాలుగు వరసల రోడ్డు, దాదాపు అంతా చదును, చివర్లో ఒక్కటే ఎత్తు. అరవై అయిదు, ఖాళీగా ఉంటే డెబ్భై. వారానికి అయిదు రోజులు.

ఇది చూసి చెప్పు. నాకు రెండు డెబ్భై ఆరే సరిపోతుందనిపిస్తోంది. డెబ్భై మైళ్ల వేగంలో క్యామ్ పడుకోదుగా. మూడు యాభై అయిదు వేస్తే మూడువేలు దాటుతుంది, గంటన్నర పొద్దున, గంటన్నర సాయంత్రం. ఇంజిన్ ఈ వేసవి దాటదు.

మా బామ్మర్దికి పొగాకు కొట్టాల పనిలో సాయం వెళ్తున్నాను. ఆ తిరుగుడు. మిగతావి అడగకు.

చార్లీన్ జుట్టు ఊడటం మొదలైంది. పడవ నడిపేవాళ్ల టోపీ ఒకటి పెట్టుకుని, ఇక నుంచి నన్ను కెప్టెన్ అనాలి అంటోంది.

ఎల్డన్


హార్లన్ ఫెర్రీ
మే 2. సమ్మె 110వ రోజు

ఎల్డన్‌కి,

గేరు దగ్గర అబద్ధం చెల్లదని భయపడి నిజం రాశావు. నీ మీద నాకున్న చివరి గౌరవం అది. అదే నిన్ను పట్టించింది.

ఆసుపత్రి ఇరవై రెండు మైళ్లు, కొండదారి, వారానికి ఒక్కసారి అని ఏప్రిల్ ఎనిమిదిన రాశావు. డెబ్భై ఎనిమిది మైళ్లు, చదును, వారానికి అయిదు రోజులు అని ఇరవై నాలుగున రాశావు. ఏ పొగాకు కొట్టానికి మనిషి గంటన్నర పొద్దున, గంటన్నర సాయంత్రం సరిగ్గా సోమవారం నుంచి శుక్రవారం దాకా తిరుగుతాడు? పొగాకుకి శనివారం సెలవా?

పెట్రోలు బంకులో మ్యాపు తెచ్చుకున్నాను. స్కేలు ప్రకారం దారాన్ని డెబ్భై ఎనిమిది మైళ్లకు కత్తిరించి, నీ అత్తగారి ఊరి దగ్గర గుండుసూది గుచ్చి, నాలుగు వరసల రోడ్డు వెంట దారం పరిచాను. ఉత్తరం వైపు ఏమీ లేదు. దక్షిణం వైపు దారం చివర టేట్స్‌విల్, టెన్నెస్సీ. చివర్లో ఒక్కటే ఎత్తు. మన సరుకు లారీలు వెళ్లిన ఊరు.

ఫిబ్రవరిలో నీ భార్య జబ్బుమనిషని పికెట్ డ్యూటీ మాఫీ చెయ్యమని సభలో చెయ్యెత్తి అడిగింది నేను. మూడు వందల నలభై మంది సరే అన్నారు. వాళ్లు మంచులో పీపా మంట చుట్టూ నిలబడి కాళ్లు కాపుకుంటుంటే, నువ్వు వాళ్ల పనిని వేరేవాళ్లకి నేర్పుతున్నావు. లోపలికి వెళ్లిన ఆ నలుగురూ నీకంటే నయం. మా కళ్ల ముందు నుంచే వెళ్లారు.

సమ్మె కమిటీకి ఇంకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. బులెటిన్ ఈ వారం మొదటి పేజీ ఖాళీ వదిలి, చివరికి సూప్ వంటవాళ్లకి కృతజ్ఞతలు వేశాను. నా జీవితంలో అంత పిరికి పేజీ వెయ్యలేదు.

సమ్మెద్రోహిని పనికి మోసుకెళ్లే గేరు నా షెడ్డులో లేదు.

వెర్నా టాలివర్


కార్టర్స్ గ్యాప్
మే 20

అక్కా,

ఇంటిపేరుతో సంతకం పెట్టావు. చార్లీన్ చూసి, "నీకు ఇప్పుడు నోటీసు వచ్చినట్టుంది" అంది. అప్పుడు ఆమెకీ అంతా చెప్పాను. ఆమెకీ పొగాకు కొట్టాలనే చెప్పి ఉన్నాను. రెండు రోజులు కెప్టెన్ టోపీ పెట్టుకోలేదు.

నువ్వు కట్టిన లెక్క నిజం. మార్చి ఇరవై నాలుగు నుంచి వెళ్తున్నాను. మన పాత ఫోర్‌మన్ లాఫ్టన్ ఇక్కడికే వచ్చాడు, వరండాలో కూర్చుని నిమ్మరసం తాగాడు. తొంభై రోజులు పని చేస్తే బీమా మొదలవుతుందన్నాడు. చార్లీన్ పేరు కూడా రాసుకున్నాడు. అక్కా, నువ్వు నాకు ఎన్ని వాదనలు చెప్పినా ఆ శనివారం బిల్లు కిటికీ దగ్గర నిలబడేది నేను. అంతకంటే వేరే సమర్థన లేదు. పెట్టను కూడా.

కానీ ఒకటి చెప్పాలి. అది విన్నాక నీ కోపం కొంచెమైనా తగ్గుతుందేమో.

అక్కడ పదకొండు మంది ఆడవాళ్లు. ఇదివరకు చొక్కాలు కుట్టేవాళ్లు. జీతం మనకిచ్చేదానిలో సగం కూడా లేదు. లారీలు తరలించినప్పుడు తొందరలో క్రౌన్‌లన్నీ ఒక లారీలో, పినియన్‌లన్నీ ఇంకో లారీలో పోశారు. తీగతో కట్టిన జతలు తెంపి పోశారు, బరువు సమానంగా ఉండాలని. మన ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, క్రౌన్ అంచు మీదా పినియన్ మూతి మీదా ఒకే అంకె ఉంటుందని, రెండూ కలిపి రుబ్బించినవని, ఒకటి లేకపోతే రెండోది తుక్కని. ఇక్కడ ఎవరికీ తెలీదు. అంకె చూసి తేదీ అనుకుంటున్నారు. పళ్ల లెక్క సరిపోతే చాలు, ఏ క్రౌన్‌కి ఏ పినియన్ దొరికితే అది బిగిస్తున్నారు. వినే గది లేదు. ఆ యంత్రం ఇంకా పెట్టెలోనే ఉంది.

నేను చెప్పలేదు. రెండు నెలలుగా పక్కనే నిలబడి చూస్తున్నాను, నోరు విప్పలేదు. వాళ్లు పంపే ప్రతి ఇరుసూ ఊళ పెట్టుకుంటూ వెనక్కి వస్తుంది. అప్పుడు మీరు లేకపోతే ఈ పని జరగదని కంపెనీకే తెలుస్తుంది. నేను అక్కడ చేస్తున్న సమ్మె ఇదే.

నీకు సంతోషమేననుకున్నాను.

ఎల్డన్


హార్లన్ ఫెర్రీ
మే 28. సమ్మె 136వ రోజు

ఎల్డన్,

నిజం చెప్పనా? ఒక రోజంతా సంతోషించాను. పీపా మంట దగ్గర పేరు చెప్పకుండా ఈ సంగతి చెప్పాను. నవ్వీ నవ్వీ ఒకాయనకి దగ్గొచ్చింది. లారీలో జతలు విడదీసిన మేనేజర్ల తెలివికి కాఫీ కప్పులెత్తాం. ఇంటికొచ్చి బులెటిన్ రాయడానికి కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాసి ఆగిపోయాను.

ఎక్కడ ఆగానో చెబుతాను. ప్రతి ఇరుసూ వెనక్కి వస్తుందని రాశావు. ఎక్కడి నుంచి వస్తుంది? ఆకాశం నుంచి రాదు. ఒకరి కారు కింద నుంచి రావాలి. జత తప్పిన పళ్లు మొదట ఊళ పెడతాయి, ఆ మనిషి రేడియో గట్టిగా పెట్టుకుంటాడు. తర్వాత వేడెక్కుతాయి. అంచులు రాలతాయి. ఒక రోజు అరవై మైళ్ల వేగంలో ఒక పన్ను విరిగి ఇంకోదాని సందులో ఇరుక్కుంటే వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోతాయి. ఆ కారులో ఎవరుంటారు? లాఫ్టన్ ఉంటాడా? డైరెక్టర్లుంటారా? వాళ్ల కార్లకి పంపేవి మంచివి ఏరి పంపుతారు. ఆ కారులో ఉండేది అప్పుచేసి కొనుక్కున్న ఎవడో ఎల్డన్, పక్కన అద్దానికి తల ఆనించిన ఎవరో చార్లీన్.

పని మానెయ్యడం మన హక్కు. దానికోసం తుపాకీ ఎదురుగా నిలబడమన్నా నిలబడతాను. తప్పు పని చేసి బాగుందని ముద్ర వెయ్యడం మన హక్కు కాదు. అది వాళ్ల పద్ధతి. నూట ముప్ఫై ఆరు రోజులుగా నేను తిడుతున్నది దాన్నే. ఇక నువ్వు చేస్తున్నదానికి సమ్మె అని పేరు పెట్టకు. సమ్మె చేసేవాడు జీతం వదులుకుంటాడు. నువ్వు జీతం తీసుకుంటూ ఆ పదకొండు మందినీ చేతకానివాళ్లను చేస్తున్నావు.

వెళ్లి చెప్పు. అంకె అంటే ఏమిటో చెప్పు. అలాగే ఆ అంకె చదవడం తెలిసిన మనిషికి హార్లన్ ఫెర్రీలో ఎంతిస్తారో కూడా చెప్పు. రెండూ చెప్పు. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది కూడా జత తెంపినట్టే.

ఉద్యోగం పోతుంది. నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. చార్లీన్ బీమా సంగతి తెలిసీ ఇలా రాసినందుకు నామీద నాకే అసహ్యం వేస్తోంది. అయినా ఒక్క అక్షరం కొట్టెయ్యను.

కమిటీకి ఈ రోజు చెప్పాను. అంతా చెప్పాను. నిన్ను తిట్టినవాళ్లలో మొదటి గొంతు నాదే. నన్నూ తిట్టారు, నాలుగు వారాలు దాచినందుకు. న్యాయమే.

వెర్నా


కార్టర్స్ గ్యాప్
జూన్ 19

అక్కా,

ఉత్తరం అందిన రోజే చెప్పలేదు. దాచను. రోజులు లెక్కపెట్టుకున్నాను. తొంభయ్యో రోజు జూన్ ఇరవై ఒకటి. అది దాటాక చెబుదాం, బీమా కాగితం చేతికొచ్చాక చెబుదాం అనుకున్నాను. పన్నెండో తేదీ సాయంత్రం బోర్డు మీద రాశారు, నలభై నాలుగు ఇరుసులు రేపు మధ్యాహ్నం లారీకెక్కుతున్నాయి అని. రాత్రి చార్లీన్‌తో అన్నాను, ఇంకా తొమ్మిది రోజులే కదా అని. ఆమె అటు తిరిగి పడుకునే ఉంది. "నాకోసం ఇంకొకరి భార్యని చంపకు ఎల్డన్, నాకు సిగ్గుగా ఉంటుంది" అంది. అంతే.

పదమూడున పొద్దున, మెషీన్లు ఆడక ముందే, ఓపల్ అనే ఆమె దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్ల మనిషి, ముగ్గురు పిల్లలు. గేరు పళ్లకి పసుపురంగు ముద్ద పూసి తిప్పి, ఎక్కడ తాకుతున్నాయో అచ్చు చూసే బల్ల ఆమెది. ఒక క్రౌన్ తీసుకుని అంకె చూపించి, పక్క బుట్టలో పది నిమిషాలు వెతికి అదే అంకె ఉన్న పినియన్ తెచ్చి బిగించి తిప్పమన్నాను. అచ్చు పన్ను నడిమధ్యలో, చక్కగా, బొటనవేలితో అద్దినట్టు పడింది. ఓపల్ అంకె మీద వేలు పెట్టింది.

"ఈ అంకె సంగతి నీకు మొదటి రోజు నుంచీ తెలుసా?"

తెలుసన్నాను.

"అచ్చు మూలకి పోతోందని నేను నీకు ఎన్నిసార్లు చూపించాను? నా చేతులే చెడ్డవనుకున్నాను. నాకీ పని రాదు, మానేస్తానని మా ఆయనతో కూడా అన్నాను. నువ్వు పక్కనే నిలబడి కాఫీ తాగావు."

మా అక్క చెప్పమంది అన్నాను. అన్నాక అది ఎంత చిన్నపిల్లాడి మాటో తెలిసింది. ఆమెకీ నవ్వొచ్చినట్టుంది. "మీ అక్కే రావలసింది ఇక్కడికి. నిన్ను పంపడం దేనికి" అంది. తర్వాత, మీ అక్క గదిలో ఈ పనికి గంటకి ఎంత అని తనే అడిగింది. చెప్పాను. లోహం మీద రాసే మైనపు పెన్సిల్ తీసి ఆ జీతం అంకెని అరచేతిలో రాసుకుంది.

నలభై నాలుగు ఇరుసులకీ పంపొద్దని ఎర్ర చీటీలు కట్టారు. పదకొండు మందీ కట్టారు. లాఫ్టన్ వచ్చి, ఆ అంకెలు కంపెనీ సొంత విషయం, మీకు అనవసరం అన్నాడు. అయితే బాగున్నాయని సంతకం మీరే పెట్టండి అని ఓపల్ పెన్ను ఇవ్వబోయింది. తీసుకోలేదు. లారీ ఖాళీగా వెళ్లింది. నన్ను భోజనం గంట కాకముందే గేటు దాటించారు. వాళ్లని తీసెయ్యలేదు, ఇప్పుడు అంకెలు చదవడం తెలిసినవాళ్లు అక్కడ వాళ్లే.

అది ఎనభై రెండో రోజు. బీమా లేదు.

ఇంటికొచ్చే డెబ్భై ఎనిమిది మైళ్లూ ఇంజిన్ అరుస్తూనే ఉంది. మొదటిసారి దాన్ని తిట్టాలనిపించలేదు.

ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. దూరం ఇరవై రెండు మైళ్లు. కొండదారి, మలుపులు, నలభై అయిదు దాటదు, చివర ఆరు మైళ్లు మాత్రం యాభై అయిదు. వారానికి ఒక్కసారి. టైరు ఇరవై ఆరే. దారిలో ఇద్దరం. ఇంకెక్కడికీ లేదు.

ఎల్డన్


హార్లన్ ఫెర్రీ
జూలై 1. సమ్మె 170వ రోజు

తమ్ముడూ,

పెట్టె బస్సు పార్సిల్లో పంపాను. మూడు యాభై అయిదు. క్రౌన్, పినియన్ ఒకే పెట్టెలో, తీగతో కట్టి ఉన్నాయి. బిగించే నిమిషం దాకా తీగ తెంపకు. రెండింటి మీదా 7116 ఉంటుంది. చూసుకుని మొదలుపెట్టు.

పినియన్ లోతు నీ చేతికి తెలుసు. అయినా పసుపురంగు ముద్ద పూసి అచ్చు చూడకుండా మూత బిగించకు. మొదటి అయిదు వందల మైళ్లు మెల్లగా నడుపు. పది మైళ్లు నడిపి ఆపు, చల్లారనివ్వు, మళ్లీ నడుపు. కొత్తగా కలిసిన పళ్లు ఒకదానికొకటి అలవాటు పడాలి, తొమ్మిదేళ్ల కింద నేను రుబ్బించింది ఎంతైనా బల్ల మీద. గేర్‌బాక్సు తోక దగ్గర స్పీడోమీటర్‌ని తిప్పే చిన్న ప్లాస్టిక్ చక్రం కూడా మార్చు, అదీ పెట్టాను. మార్చకపోతే మీటరు ఉన్న వేగం కంటే తక్కువ చూపిస్తుంది. ఉన్నదాని కంటే తక్కువ చెప్పడం నీకు అలవాటే, కారుకి నేర్పకు.

క్షమించానా అని చార్లీన్ విడిగా చీటీ రాసింది. ఇంకా లేదు. గేరు వేరు, క్షమించడం వేరు. గేరు నిజం చెప్పినవాడికి ఇస్తారు. రెండోదానికి ఇంకొంచెం దూరం నడవాలి నువ్వు, బహుశా నేను కూడా. నీ ఉత్తరం కమిటీలో చదివాను. ముగ్గురు లేచి బయటికి వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఎనభై రెండో రోజు దగ్గర మళ్లీ చదవమన్నారు. చదివాను. మధ్యలో లేచి నీళ్లు తాగి మిగతాది చదివాను.

ఎనభై రెండు, తొంభై. ఎవడు కనిపెట్టాడు ఈ లెక్క? మనిషి జబ్బు పడటానికి గడువు లేదు, మందుకి మాత్రం తొంభై రోజుల గడువు. పని చేస్తేనే వైద్యం అనే దేశంలో, పని ఇచ్చేవాడి చేతిలో ఉండేది జీతం కాదు, పీక. నువ్వు లొంగింది అందుకే. ఏప్రిల్లో నాకిది తెలియక కాదు, ఒప్పుకోవడానికి కోపం అడ్డొచ్చింది. ఆసుపత్రి బోర్డుకి తొమ్మిది పేజీలు రాశాను. చార్లీన్ బిల్లు గురించి మాట్లాడటానికి పదిహేనున రమ్మన్నారు. వస్తాను. నా నోరు ఒక్కసారైనా కుటుంబానికి పనికిరానీ.

ఇక్కడ సూప్ పలచబడింది. సమ్మె కూడా మేం వాటర్ స్ట్రీట్ గేరుతోనే మొదలుపెట్టాం, పచ్చదీపం పడగానే దూకాం. దారి ఇంత పొడుగని ఎవరూ కొలవలేదు. ఇప్పుడు నడుస్తూనే గేరు మార్చుకుంటున్నాం. అది కారులో సాధ్యం కాదు. మనుషుల్లో అవుతుందేమో చూడాలి.

వెర్నా


కార్టర్స్ గ్యాప్
జూలై 27. సమ్మె 196వ రోజు

అక్కా,

నువ్వు పదిహేనున బోర్డుని ఏమన్నావో గానీ, బిల్లు కిటికీలో ఉండే ఆమె ఇప్పుడు నన్ను చూడగానే లేచి నిలబడుతోంది. మీ అక్కగారు మళ్లీ వస్తారా అని అడిగింది. రావచ్చు అన్నాను. నెలకి కొంత కొంత కట్టుకోమన్నారు.

గేరు పోయిన ఆదివారం బిగించాం. ఓపల్, వాళ్లాయన జాకీ తీసుకుని డెబ్భై ఎనిమిది మైళ్లు వచ్చారు, మొక్కజొన్న రొట్టె కూడా తెచ్చారు. నేను పిలవలేదు. జత ఎలా కూర్చుంటుందో మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి చూడాలని ఆమే అడిగింది. తీగ ఆమె చేతే తెంపించాను. 7116 రెండుసార్లు పైకి చదివింది. అచ్చు మొదటిసారి కొంచెం పంటి బయటి కొసవైపు పడింది, పలచటి రేకు ఒకటి తీశాం, రెండోసారి మధ్యలో పడింది. నేను మూత పెట్టబోతే ఓపల్ నా చెయ్యి పట్టుకుని ఆపి ఇంకోసారి తిప్పి చూసింది. నన్ను నమ్మడానికి ఆమెకింకా టైము పడుతుంది. గురువారాలు వాళ్ల వంటింట్లో షెడ్డు ఆడవాళ్లు ఏడుగురు యూనియన్ గురించి మాట్లాడటానికి కూడుతున్నారట. నీ అడ్రసు అడిగింది, ఇచ్చాను.

టైరు మీద, షాఫ్టు మీద సుద్దతో గీత గీసి తిప్పి లెక్కపెట్టాను, చిన్నప్పుడు నువ్వు నేర్పినట్టు. చక్రం ఒక్క చుట్టు, షాఫ్టు మూడున్నర, ఆపైన ఒక వేలెడు.

నిన్న శనివారం. వెళ్లేటప్పుడు ప్రతి పది మైళ్లకీ ఆపి చల్లార్చాను. చార్లీన్, ఈ వేగంతో వెళ్తే మందుకి గడువు తీరిపోతుంది అంది. కెప్టెన్ టోపీ పెట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు మొదటి కొండ ఎక్కాను. వెనక నుంచి కూత లేదు, కుదుపు లేదు. ఏదో అడుగుదామని పక్కకి తిరిగాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, టోపీ ఒళ్లో పడి ఉంది. నిద్రపోతోంది. ఫిబ్రవరి తర్వాత ఆ దారిలో ఆమె నిద్రపోవడం ఇదే.

ఇంటి ముందు ఇంజిన్ ఆపాను. ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది.

"ఎందుకాపావు?" అంది కళ్లు తెరవకుండానే.

మళ్లీ స్టార్ట్ చేశాను. ఇల్లు దాటి ముందుకు పోనిచ్చాను.

ఎల్డన్